మోటరును ఎండబెట్టిన మా బావ

పోయిన బుధవారం పొద్దున రామన్నపేట నుంచి మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామా, బాపు పోయిండు" అన్నాడు. తర్వాత తనే చెప్పుకొచ్చాడు. "పొద్దుగాల చాయ్ తాగిండు. ఒకాయన మోటర్ పట్టుకొస్తే తిట్టిండు. గంతే, కూసున్న కుర్చీలనే ఒరిగిండు."

ఏమని తిట్టాడని అడిగాను. అలాంటప్పుడు అడగవలసిన మాట కాదని నాకూ తెలుసు.

"ఆరు నెలలు వానల వడేసి ఇయ్యాల తెచ్చినవ్, రేపటికి గావాల్నంటవ్, గిది మోటరా, నీ పాలేరా అన్నడు."

మా బావ తొంభైకి దగ్గర పడ్డవాడు. ఎవరినీ మంచాన పడి సతాయించకుండా పోయాడని అందరూ అంటున్నారు. అది నిజం కాదు. మంచాన పడలేదంతే. సతాయించడానికి ఆయనకు మంచం అవసరం లేదు. అరవై ఏళ్ళకు పైగా ఆయనతో వేగిన వాణ్ణి, నాకు తెలుసు.

వానాకాలం పోయి యాసంగి పంట మొదలయ్యే రోజుల్లో ఆయన దుకాణం ముందు మీరు ఎన్నడైనా నిలబడి ఉంటే ఈ మాట ఒప్పుకుంటారు. వానాకాలమంతా బావి గట్టున పడి ఉన్న మోటర్లను రైతులు బండ్ల మీద వేసుకొచ్చేవాళ్ళు. నారు పోశారు, నీళ్ళు కావాలి, అందరికీ ఆ రోజే కావాలి. మా బావ మోటరు మీద చెయ్యి వేసేవాడు కాదు. ముందు వంగి వాసన చూసేవాడు. తర్వాత ప్రశ్నలు. ఎన్నడు ఆపినవ్? ఆపినంక ఏం గప్పినవ్? ఇంటికాడ స్విచ్చేసి చూసినవా? ఈ మూడో ప్రశ్నకు రైతు "ఒక్కసారి ఏసి చూసిన మిస్త్రీ" అన్నాడంటే అయిపోయినట్టే. బావ లోపలికి పోయి ఒక చాయ్ తాగి వచ్చేవాడు. వచ్చాక షాఫ్టును చేత్తో పట్టుకుని మెల్లగా తిప్పేవాడు. "గిది తిరుగుతలేదు. తిరగనిదాన్ని కరెంటు వెట్టి కొడ్తే ఏమైతది? కాలుతది. నడిచే మోటర్ పాడుగాదయ్యా, కూసున్న మోటరే పాడైతది." ఈ మాట ఆయన ఎన్ని వేల సార్లు అని ఉంటాడో. తర్వాత మోటరు విప్పి, ఎలుక పెట్టిన గూడు తీసి, గట్టిపడ్డ గ్రీజు గీకి, ఎండలో పెట్టేవాడు. మూడు ఎండలు. ఎవరు బతిమాలినా, ఎవరు బెదిరించినా మూడు ఎండలే.

బెదిరించడమంటే ఊరికే అంటున్న మాట కాదు. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది మగ్గాల ఇల్లు. బావదీ అంతే. కాకపోతే ఆయన పెళ్ళికి ముందే షోలాపూరు పోయి, ఒక బట్టల మిల్లులో మోటర్లు బాగుచేసే చోట ఎనిమిదేళ్ళు పనిచేసి వచ్చాడు. ఆయన వచ్చిన కొన్నాళ్ళకే మా ఊరి దొర గడి వెనక ఆయిల్ ఇంజను, దాని పక్కన కరెంటు పుట్టించే డైనమో పెట్టించాడు. గడిలో దీపాలు, పెద్ద హాల్లో రెండు పంకాలు. అక్కడితో ఆగక, తోట బావి దాకా స్తంభాలు పాతి తీగ లాగించి బావి మీద మోటరు బిగించాడు. మోట కొట్టే బండలను పీకించేశాడు. చుట్టుపక్కల పది ఊళ్ళలో అటువంటిది లేదు. దాన్ని నడపడానికి మా బావ తప్ప మనిషి లేడు.

తర్వాత గడబిడ రోజులు వచ్చాయి. దొరలకు ఎదురు తిరిగిన సంఘం బలపడింది. దొర ఒక ఎండాకాలం పెళ్ళాం పిల్లలతో పట్నం వెళ్ళిపోయాడు. ఇంజను, మోటరు ఆ వానాకాలమంతా అట్లాగే పడి ఉన్నాయి. యాసంగికి సంఘంవాళ్ళు తోట బావి కింది ఇరవై ఎకరాలను ఊళ్ళోవాళ్ళకు పంచారు. మాకూ అక్కాబావలకూ కలిపి ఒక ఎకరం వచ్చింది. నూలు దొరక్క మగ్గం నెలల తరబడి ఖాళీగా ఉన్న రోజులవి. నాకు అప్పటికే పెళ్ళయి ఒక కూతురు. మా వంశంలో నారు చేతపట్టిన మొదటివాణ్ణి నేనే. మొలకెత్తిందాకా రోజూ పోయి కూర్చుని చూసేవాణ్ణి.

నారుకు నీళ్ళు కుండలతో మోశాం. నాటు వేయాలంటే కుండలు చాలవు. సంఘం పెద్ద ఒకతను భుజాన తుపాకీతో వచ్చి మా బావను మోటరు కొట్టం దగ్గరికి పిలిపించాడు. ముప్పై ఏళ్ళు కూడా లేవు అతనికి. మాట మెత్తన.

"మిస్త్రీ, పొద్దుగూకేటాల్లకు నీళ్ళు రావాలె."

బావ తలుపు తీసి లోపలికి పోయాడు. వంగి వాసన చూశాడు. షాఫ్టు తిప్పబోతే కదల్లేదు. మూత విప్పితే లోపల ఎలుక గూడు, తీగచుట్టల మీద తెల్లగా బూజు. బయటికి వచ్చి, "నాలుగు దినాలు" అన్నాడు.

"నాలుగు దినాలా?"

"ఒకటి సాఫ్ జెయ్యనీకి. మూడు ఎండబెట్టనీకి. లోపల నెమ్మున్నది. గిప్పుడేస్తే కాలుతది."

మోటరును ఎద్దుల బండి మీద వేయించి గడి ముందున్న బండ మీద ఎండబెట్టాడు. పక్కన తను కూర్చున్నాడు. నీడ పడ్డప్పుడల్లా లేచి దాన్ని జరిపేవాడు. ఊరు ఊరంతా వచ్చి చూసిపోయింది. రెండో రోజు మా అక్క వచ్చింది.

"ఏమయ్యా, అక్కడ నారు ఎండుతాంటే నువ్విక్కడ మోటర్ను ఎండబెడ్తున్నవా?"

"నారుకు నీళ్ళు గావాల్నంటే మోటర్‌కు ఎండ గావాలె."

"జెరంత పొగబెట్టి ఎండబెట్టరాదు?"

"బాలింతనా పొగబెట్టనీకి?" అన్నాడు మా బావ.

నవ్వులాటగానే ఉన్నా అది నవ్వులాట కాదు. ఆ సాయంత్రం నుంచే మాట పుట్టింది. దొర ఉప్పు తిన్నోడు, కావాల్నని ఆలస్యం చేస్తాండు అని. ఎవరు మొదట అన్నారో తెలియదు. ఆ రోజుల్లో దొర మనిషి అనే మాట ఒకసారి నెత్తిన పడితే దులుపుకోవడం కష్టం. ఆ మాటతో మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. నేను బావకు చెప్పాను. "అననియ్యి. మోటర్‌కేం ఎరుక" అన్నాడు. ఆయన మొండితనం మీద కోపంతో నేను లేచి వచ్చేశాను.

మూడో ఎండ నాడు పొద్దున మోటరును తెచ్చి బావి దగ్గర బిగించాడు. ఇంజను నడిపి డైనమో చూశాడు, గడిలో దీపం వెలిగింది. అన్నీ బాగున్నాయి. అయినా వేయలేదు. మూత తీసిపెట్టి, "ఇంకా సల్లగనే ఉన్నది. ఈ ఒక్క ఎండ గూడ పోనియ్యి. రేపు పొద్దుగాల ఏద్దాం" అని, "ఎవ్వల్ని ముట్టనియ్యకు బామ్మర్ది" అని నాకు అప్పజెప్పి అన్నానికి పోయాడు. గడి వెనక ఇంజను ఇంకా నడుస్తూనే ఉంది.

నేను వేశాను.

ఎందుకు వేశానో ఇన్నేళ్ళూ ఎన్ని రకాలుగా చెప్పుకున్నానో. బావ మీద పడ్డ మాట పోతుందనుకున్నాను. నారు ముదిరిపోతోంది. నీళ్ళు వస్తే అందరికంటే ముందు నేను చూడాలనిపించింది. అన్నీ నిజమే. మూత పెట్టి, ఆ పెద్ద స్విచ్చు పిడి పట్టుకుని దించాను. మోటరు మూలిగింది. రెండు చుట్లు తిరిగింది. లోపల చిటచిటమని, మూత సందుల్లోంచి పొగ వచ్చింది. నాకు స్విచ్చు ఎత్తాలని కూడా తోచలేదు.

బావ అన్నం చెయ్యి కడుక్కోకుండానే పరిగెత్తుకొచ్చాడు. స్విచ్చు ఎత్తాడు. నా మొఖం చూశాడు. అప్పటికే పొలాల్లోంచి జనం వస్తున్నారు. వాళ్ళ వెనక సంఘం పెద్ద.

"ఎవలేసిన్రు?" అన్నాడు అతను.

"నేనే ఏసిన. ఆరిందనుకున్న. అందాజ తప్పింది" అన్నాడు మా బావ.

జీవితంలో ఆయన అందాజ తప్పిందని ఒప్పుకోవడం నేను విన్నది అదొక్కసారే. అది కూడా అబద్ధం. నేను నోరు తెరవలేదు. నేనే వేశానంటే ఏమయ్యేదో తెలియదు, కాని అనలేదు. అక్కడే నిలబడి నా కాళ్ళ వైపు చూసుకున్నాను.

"ఎన్ని దినాలు గావాలె?"

"ఆరు."

"ఏడో నాడు నీళ్ళు రాకుంటె నీ సంగతి సంఘంల మాట్లాడుదాం మిస్త్రీ" అన్నాడు సంఘం పెద్ద, అదే మెత్తని గొంతుతో.

లోపల నాలుగు చుట్టల్లో ఒకటి కాలిపోయింది. కొత్త తీగ పట్నంలో తప్ప దొరకదు, పట్నం దారి మూసుకుపోయింది. బావ గడిలోకి పోయి హాల్లో పైకి చూస్తూ నిలబడ్డాడు. ఆ రెండు పంకాలూ విప్పుతానన్నాడు. గడి సామాను ఎవరూ ముట్టొద్దని సంఘమే కట్టుబాటు పెట్టింది. సంఘం పెద్ద చాలాసేపు ఆలోచించి సరేనన్నాడు. "మల్ల దొరొచ్చి అడిగితే?" అని నేనే అన్నాను, తెలివిగా. "అడిగినప్పుడు జూద్దాం" అన్నాడు బావ.

ఆ ఆరు రోజులు మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు, మర్యాద లేదు. కాలిన చుట్టను విప్పుతూ ఎన్ని చుట్లున్నాయో లెక్కపెట్టాడు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే కసిరేవాడు. పంకాల్లోంచి తీసిన తీగను మా అక్క రాట్నానికి ఎక్కించి, చెక్క అచ్చు మీదికి చుట్టింది. పుట్టినప్పటి నుంచి కండెలు చుట్టిన చెయ్యి, నూలు తెగకుండా ఎంత బిగువు ఉండాలో ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదు. సగం దాటాక నేను "అక్కా, మంచినీళ్ళు" అన్నాను. ఆమె లెక్క తప్పింది.

"మొత్తం ఇప్పు" అన్నాడు బావ.

"నాలుగు చుట్లు అటో ఇటో. దొర వచ్చి లెక్కవెడ్తడా?"

"దొర వెట్టడు. మోటర్ వెడ్తది."

అక్క ఏడ్చినంత పని చేసి మొత్తం విప్పి మళ్ళీ చుట్టింది. ఆ రెండు గంటలూ నన్ను ఇంట్లో ఉండనివ్వలేదు. నా పని మగ్గం మీద. తీగచుట్టకు పైన చుట్టడానికి వేలెడు వెడల్పు పట్టీ కావాలన్నాడు, నేశాను. అంచు వదులుగా ఉందని పడేశాడు. మళ్ళీ నేశాను. మళ్ళీ పడేశాడు. మూడోదాన్ని వేలితో తడిమి తీసుకున్నాడు. వడ్రంగి దగ్గర లక్క తెచ్చి పూసి, తీసుకుపోయి, మళ్ళీ ఎండలో పెట్టాడు. అది చూసి ఊళ్ళో ఒకాయన నిజంగానే రాయి తీసుకున్నాడు. సంఘం పెద్ద ఆపాడు.

ఏడో నాడు పొద్దున అందరూ బావి దగ్గర ఉన్నారు. బావ షాఫ్టును చేత్తో తిప్పాడు. చెవి పెట్టి విన్నాడు. మళ్ళీ తిప్పాడు. తర్వాత పక్కకు జరిగి, "బామ్మర్ది, స్విచ్చెయ్" అన్నాడు.

నేను వేయలేనని తల ఊపాను.

"ఎయ్యి. గిప్పుడు ఎయ్యచ్చు."

వేశాను. మోటరు తిరిగింది. కాసేపు గొట్టంలో గాలి మాత్రమే వచ్చింది. తర్వాత ఎర్రటి మురికి నీళ్ళు, తర్వాత మంచి నీళ్ళు. జనం కాలువ వెంట పరిగెత్తారు. మా బావ పరిగెత్తలేదు. మోటరు మీద అరచెయ్యి పెట్టి, వేడెక్కుతుందేమో చూస్తూ మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నాడు. అక్క అన్నం అక్కడికే పంపి, "రమ్మంటే రాడు, ఇంగ దాన్నే కట్టుకొమ్మను" అని చెప్పి పంపింది.

నారు కొంత ముదిరింది కాబట్టి పంట అంత గొప్పగా రాలేదు. కాని వచ్చింది. మా అవ్వ ఆ బియ్యం చేతిలో పోసుకుని, ఇవి మనయేనా అని మూడుసార్లు అడిగింది.

ఆ పై వానాకాలం చివర పోలీస్ చర్య జరిగింది. మిలిట్రీ వచ్చింది. సంఘం పెద్ద అడవి పట్టాడు, అతనేమయ్యాడో మాకు తెలియలేదు. మిలిట్రీ వెనకే దొర వచ్చాడు. భూములు వెనక్కి పోయాయి. మా ఎకరమూ పోయింది. గడిలో పడమటి కిటికీ అద్దాల దగ్గర్నుంచి అన్నీ సరిచూసుకున్నారు. హాల్లో పంకాలు లేవు. దొర గుమాస్తా మా బావను పిలిపించాడు.

"పంకాలేవి?"

"మోటర్ల ఉన్నయ్."

వెక్కిరిస్తున్నాడనుకున్నారు. ఆయన ఉన్న మాటే చెప్పాడు. సంఘానికి మోటరు నడిపినవాడు, గడి సామాను విప్పినవాడు అని రామన్నపేట క్యాంపుకు తీసుకుపోయారు. అక్కడి నుంచి జైలుకు. అక్క రెండు నెలలు చంటిపిల్లాడిని చంకనేసుకుని ఆ గేటూ ఈ గేటూ తిరిగింది.

ఆయన్ని విడిపించింది ఎవరి దయా కాదు, మోటరే. యాసంగి వచ్చింది. దొర పట్నం నుంచి ఒక మిస్త్రీని పిలిపించాడు. అతను రాగానే స్విచ్చు వేశాడు. మోటరు కదల్లేదు, గురగురమంది, అంతే. బొంబాయి పంపాలని చెప్పి వెళ్ళిపోయాడు. చివరికి దొరే క్యాంపుకు కబురు పెట్టి మా బావను విడిపించాడు. గడ్డం పెరిగి, ఎముకల గూడై వచ్చాడు. అక్క వాకిట్లో నీళ్ళు కాచి పెట్టుకుని చూస్తోంది. ఆయన ఇంటికి రాలేదు. బస్సు దిగి నేరుగా బావి దగ్గరికి పోయి, మూత విప్పి, "ఎవడేసిండు స్విచ్చు?" అన్నాడట, జైలు నుంచి వచ్చి మొదటి మాట.

నేను అక్కడికే పోయి పోట్లాడాను. "భూమి గుంజుకున్నడు, నిన్ను జైళ్ళ ఏయించిండు. గాయన మోటర్ నువ్వు బాగుజేస్తవా?"

గ్రీజు గీకుతూనే అడిగాడు. "నారు ఎవలు వోసిన్రు?"

"మనోళ్ళే. కౌలుకు."

"మరి ఎండితే ఎవలది ఎండుతది?"

ఆ మాట అడిగాడన్న కోపంతోనే నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన చేసింది సరైందేనా అంటే ఇప్పటికీ గట్టిగా చెప్పలేను. ఊళ్ళో కొందరు ఆయన్ని చచ్చేదాకా దొర మనిషే అన్నారు, కొందరు సంఘం మనిషే అన్నారు. ఆయన ఇద్దరికీ మోటర్లు బాగుచేసి పెట్టాడు, ఇద్దరినీ ఒకే తీరుగా తిట్టాడు.

తర్వాత నేను భువనగిరిలో బడిపంతులునయ్యాను. ఆయన రామన్నపేటలో దుకాణం పెట్టాడు. పొలాలకు కరెంటు వచ్చింది, మోటర్లు వందలయ్యాయి, ఎండలు మాత్రం మూడే. పొగ వచ్చిన ఆ మధ్యాహ్నం గురించి ఆయన ఎవరికీ చెప్పలేదు. అక్కకు కూడా చెప్పలేదు. పండక్కో పెళ్ళికో కలిసినప్పుడల్లా ఎత్తుతాడేమోనని నేను ఎదురుచూసేవాణ్ణి. ఎత్తేవాడు కాదు.

రెండేళ్ళ కింద ఇక ఆగలేక నేనే చెప్పాను. దుకాణంలో ఇద్దరమే ఉన్నాం. "బావా, నీ పానం మీదికి తెచ్చిన. ఆ దినం నేనే ఏసినని చెప్పాల్సింది. చెప్పలె" అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నేను ఇంకేదో అనబోతుంటే చెయ్యెత్తి ఆపాడు.

"గవన్ని గాదు. స్విచ్చేసేముందు చేత్తో తిప్పి చూసినవా?"

"లేదు."

"మూత మీద చెయ్యి వెట్టి సల్లదనం చూసినవా?"

"లేదు బావా."

"మరి" అని విసుగ్గా తల తిప్పుకున్నాడు. "గింత సదువు సదివినవ్." అంతే. చాయ్ తెప్పించాడు.

బుధవారం మధ్యాహ్నం నేను చేరేసరికి ఆయన్ని వాకిట్లో బల్ల మీద పడుకోబెట్టారు. స్నానం చేయించే వాళ్ళు కాస్త దూరంగా నిలబడి ఉన్నారు, ఎందుకంటే మా అక్క ఎవర్నీ రానివ్వడం లేదు. చిన్న పీట వేసుకుని, కిరసనాయిలులో ముంచిన గుడ్డతో ఆయన కుడి చెయ్యి రుద్దుతోంది. గోళ్ళ సందుల్లో, అరచేతి గీతల్లో నల్లగా పట్టిన గ్రీజు. గుడ్డ మార్చింది. కుంకుడు పులుసు వేసి రుద్దింది. కొబ్బరి పీచు తెమ్మంది. ఆమెకు ఎనభై దాటాయి, ఊపిరి అందడం లేదు. మేనల్లుడు తల్లి దగ్గరికి వంగి "అవ్వా, చాలు, ఆలిశమైతాంది" అన్నాడు.

"గిట్లనే వంపాల్నారా? గిట్లనే వోతడా గాడికి?" అని విసుక్కుని ఇంకా గట్టిగా రుద్దింది.

ఆ నలుపు పోలేదు. కాసేపటికి ఆమె పీచు పక్కన పడేసింది. ఆ చేతిని తన కొంగుతో తుడిచి, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అట్లాగే ఒళ్ళో పట్టుకుని కూర్చుంది.